వద్దన్న ఇంటికి

కిందటి వారం సువార్తమ్మను నాచారం చర్చి గేటు దగ్గర వదిలి వచ్చాం. ఆదివారం ఆరాధన ముగిసి జనం ఒక్కొక్కరే ఇళ్ళకు మళ్ళుతున్నారు. చెప్పులు వేసుకుని తలెత్తిన సువార్తమ్మకు రోడ్డు అవతల స్కూటరుకు ఆనుకుని నిలబడ్డ జనార్ధనరావు కనిపించాడు. ఉప్పల్లో పెద్ద ల్యాబులో సైంటిస్టు ఆయన. రెండేళ్ళ కిందట తన ఇంటి గడప తొక్కొద్దని ఆమెకు చెప్పిన మనిషి. ఆయన చర్చి వైపు వచ్చాడంటే మంచి కబురు మోసుకొచ్చి ఉండడు. సువార్తమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఆయనే రోడ్డు దాటి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. ఇస్త్రీ చొక్కా తప్ప వేసి ఎరగని మనిషి నలిగిన బుష్ షర్టుతో ఉన్నాడు.

"మీతో కొంచెం మాట్లాడాలండీ," అన్నాడు.

"జెప్పుండ్రి సార్."

"ఇక్కడ కాదు."

చర్చి వెనక వసారాలో సండేస్కూలు పిల్లలు కూర్చునే బల్ల ఉంది. అక్కడికి తీసుకెళ్ళింది. ఆయన కూర్చున్నాడు. ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడింది. చాపలు చుట్టేవాళ్ళు చుట్టేసి వెళ్ళేదాకా ఆయన నోరు విప్పలేదు.

"ఛాయకి ఒంట్లో బాగాలేదు," అన్నాడు చివరికి. "రొమ్ములో గడ్డ. దసరా ముందు బయటపడింది. ఆలస్యమైంది, అయినా ఆపరేషన్ చేస్తామంటున్నారు డాక్టర్లు. రేపు తీసుకొచ్చి చేర్చమన్నారు. తను రానంటోంది."

సువార్తమ్మ స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఎందుకు రాదో చెప్పదు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. మా అక్కయ్య కాకినాడ నుంచి వచ్చి చెప్పింది. నేను కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నిన్న మాత్రం ఒక్క మాట అంది. 'సువార్తమ్మగారైతే అడిగేదాన్ని' అని. ఏం అడుగుతావంటే మళ్ళీ గోడ వైపు తిరిగింది."

* * *

సువార్తమ్మది జనగామ దిక్కు పల్లెటూరు. భర్త నాచారం మిల్లులో పనిచేస్తూ పోయాక చర్చి సంఘం ఆమెను సేవకురాలిగా పెట్టుకుంది. ఆమె పనల్లా ఇంటింటికీ తిరగడం. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ సందులన్నీ గొడుగు వేసుకుని తిరిగేది. అయితే ఆమెకు ప్రసంగాలు రావు. కూరగాయలు తరిగే ఇంట్లో తనూ ఒక కత్తిపీట ముందు కూర్చునేది. పసిపిల్ల ఏడిస్తే ఎత్తుకునేది. ఇంటావిడ చెప్పుకున్నదంతా వినేది. లేచి వచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని పెదవులు కదిపేది. అదే ఆమె సువార్త.

ఛాయాదేవి ఇంటికి ఆమె మొదట పోయింది మంచినీళ్ళు అడగడానికి. ఆరేళ్ళ కొడుకు మెదడు జ్వరంతో పోయి అప్పటికి నాలుగు నెలలు. గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేది ఛాయాదేవి. ఆ రోజు నీళ్ళు ఇచ్చి మళ్ళీ అదే మెట్టు మీద కూర్చుంది. సువార్తమ్మ కూడా పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. తరువాతి గురువారం కూడా అంతే. గురువారాలు అలా ఏడాది దాకా నడిచాయి. ఒకరోజు ఛాయాదేవే అడిగింది: "మీరు వెళ్ళేముందు కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటారు కదా. అది పైకి అనండి. నేనూ వింటాను."

ఆ తరువాతి సంగతి మనకు తెలుసు. జనార్ధనరావు ఒక మధ్యాహ్నం తొందరగా ఇంటికి వచ్చాడు. ముందు గదిలో ఇద్దరు ఆడవాళ్ళు తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయన గట్టిగా అరవలేదు. "ఇంక మీరు రానక్కర్లేదు. ఈ గడప తొక్కొద్దు," అన్నాడు, అంతే. సువార్తమ్మ గొడుగు తీసుకుని బయటికొచ్చేసింది.

మళ్ళీ వెళ్ళలేదు.

ఎవరైనా అడిగితే సార్ వద్దన్నాడని చెప్పేది. అసలు కారణం అది కాదు. సరిగ్గా ఆ నెలలోనే ఆమె కూతురు హన్నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చింది. టెంపరరీ. వచ్చింది ఆ ల్యాబులోనే. జనార్ధనరావు అక్కడ పెద్ద ఆఫీసరు. ఫలానా హన్నా ఆ ప్రార్థనలమ్మ కూతురని ఆయనకు తెలిస్తే? ఆ ఆలోచన వచ్చిన నాటి నుంచి సువార్తమ్మకు ఉప్పల్ వైపు వెళ్ళాలంటే భయమేసేది. తండ్రి లేని పిల్ల. ఎంతో కష్టం మీద చదివింది. ఇంకో ఇల్లు చూసుకుందాం, ఊరినిండా ఇళ్ళే కదా అని తనకు తనే చెప్పుకుంది.

* * *

"ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి," అన్నాడు జనార్ధనరావు. "మీరెందుకు మానేశారు?"

సువార్తమ్మ ఆశ్చర్యపోయింది. "మీరే గద సార్ రావద్దన్నది."

"అన్నాను. కాదనడం లేదు." ఆయన చేతి గడియారం పట్టీని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఆ సాయంత్రం మేమిద్దరం బాగా పోట్లాడుకున్నాం. 'ఆవిడ ఇంక రాదు, చూస్తూ ఉండు' అన్నాను. ఛాయ ఏమందో తెలుసా? 'వస్తారు. మీరు వద్దన్నా వస్తారు. ఆవిడ చెప్పేది నిజమే అయితే తప్పకుండా వస్తారు.' అంత ధీమాగా అంది. గురువారం వస్తే మీ కాఫీకని పాలు విడిగా తీసిపెట్టేది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. చాలా వారాలు అట్లాగే పెట్టింది. ఒక గురువారం సాయంత్రం ఆ పాలు తోడు పెట్టేసింది. మళ్ళీ తీసిపెట్టలేదు. మీ పేరూ ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

సువార్తమ్మకు ఆ పాలగిన్నె కళ్ళ ముందు కదిలింది. తను ఎన్ని ఇళ్ళలో ఎన్ని మాటలు చెప్పింది! ఆ ఇంట్లో మాత్రం మాట కాదు కావలసింది. ఒక్కసారి వెళ్ళి గేటు తీయడం. గేటు దగ్గరి నుంచే వెళ్ళగొడితే వెళ్ళగొట్టించుకుని రావడం. అది కూడా చేయలేదు తను.

"అమ్మా, పోదామా? తాళం ఏస్తరంట..."

హన్నా గొంతు అది. పాటల పుస్తకాలు చేతిలో పట్టుకుని వసారాలోకి వచ్చిన అమ్మాయి, బల్ల మీద ఉన్న మనిషిని చూసి గతుక్కుమంది. "నమస్తే సార్!"

జనార్ధనరావు లేచి నిలబడ్డాడు. హన్నాను చూశాడు, సువార్తమ్మను చూశాడు. "నువ్వు... సువార్తమ్మగారు మీ అమ్మగారా?"

"అవును సార్."

"నాకు తెలియనే తెలియదు." ఆయన ముఖంలో ఉన్నది ఉత్త ఆశ్చర్యమే. "మా సెక్షన్ రిపోర్టులన్నీ ఈ అమ్మాయే టైపు చేస్తుందండీ. ఒక్క తప్పు ఉండదు. పర్మనెంటు చేయమని మొన్న నేనే పైకి రాశాను."

హన్నా సిగ్గుపడి తల వంచుకుంది. సువార్తమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రెండేళ్ళు ఏ మనిషికి భయపడి దాక్కుని తిరిగిందో, ఆ మనిషికి ఈ పిల్ల ఎవరో ఈ నిమిషం దాకా తెలియదు! ఆ భయమంతా ఒక్క తన తలలోనే ఉంది.

"నువ్వు ఇంటికి పో బిడ్డా," అంది కూతురితో. "నేను సార్ తోని ఉప్పల్ పోయొస్త."

* * *

స్కూటరు వెనక అడ్డంగా కూర్చుని, స్టెప్నీ పట్టుకుని, హబ్సిగూడ మీదుగా ఉప్పల్ చేరేదాకా సువార్తమ్మ ప్రార్థన చేసుకోవాలనే చూసింది. ఎంత చూసినా మాటలు కూడలేదు. ఉప్పల్ చౌరస్తా దగ్గర వరంగల్ లారీల వెనక స్కూటరు ఆగినప్పుడు మాత్రం ఆమె తల పక్కకు తిప్పుకుంది. ఆ బస్టాపు వైపు చూడలేక.

గేటు తీసింది శాంతాబాయి. ఆ ఇంట్లో అంట్లు తోముతూ వెనక రేకుల గదిలో ఉంటుంది ఆమె. సువార్తమ్మను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వచ్చినవా అక్కా," అంది మెల్లగా, "జర ముందుగాల రావద్దా?"

ఛాయాదేవి పడకగదిలో మంచం మీద పడుకుని ఉంది. మనిషి సగమైపోయింది. జడ వేసుకునే ఓపిక లేక జుట్టు ముడి పెట్టేసినట్టుంది. తలుపు చప్పుడుకు ఇటు తిరిగింది. చాలాసేపు చూసింది.

"ఆయన తీసుకొచ్చారు కాబట్టి వచ్చారు," అంది.

సువార్తమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. "అవునమ్మా. సార్ పిలిస్తెనే వచ్చిన."

"ఉప్పల్ బస్టాపులో నేనూ పిలిచాను."

అది అడిగినట్టు లేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పినట్టు ఉంది. ఏడాదిన్నర కిందటి సంగతి. సాయంత్రం వేళ, రోడ్డు అవతల నుంచి "సువార్తమ్మగారూ! సువార్తమ్మగారూ!" అని చెయ్యి ఊపుతూ వచ్చింది ఛాయాదేవి. బస్సు కదులుతోంది. సువార్తమ్మ వెనక్కి చూడకుండా ఎక్కేసింది.

ఇప్పుడు వినలేదని చెప్పవచ్చు. లారీల మోత, కండక్టరు కేకలు, ఎవరైనా నమ్ముతారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"విన్న," అంది సువార్తమ్మ.

"విని ఎక్కారు."

"విని ఎక్కిన తల్లీ."

ఛాయాదేవి కళ్ళు మూసుకుంది. రెప్పల కింది నుంచి నీళ్ళు చెంప మీదికి జారాయి. "వినలేదని చెబుతారనుకున్నాను. ఇన్నాళ్ళూ నేను అదే అనుకుంటూ వచ్చాను. అంత రద్దీలో ఏం వినబడుతుంది, పాపం ఆవిడకి వినబడి ఉండదు అని."

నిజం చెప్పి ఆ కాస్త ఊరటనూ తీసేసుకున్నానా అనిపించింది సువార్తమ్మకు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. హన్నా ఉద్యోగం సంగతంతా చెప్పింది. "నా పోరి నౌకరి పోతదేమోనని బుగులు వడ్డ. ఊకెనే బుగులు వడ్డ. సార్ కు అది నా బిడ్డని గూడ తెల్వదంట. నువ్వు ఎదురుసూస్తవని తెల్సి గూడ రాలె. నన్ను మాఫ్ చెయ్యి తల్లీ."

ఛాయాదేవి దుప్పటి కిందినుంచి చెయ్యి తీసి సువార్తమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని తన ఎడమ పక్కకు లాక్కుని, జాకెట్టు మీదుగా ఆనించింది. గట్టిగా, బండలా తగిలింది సువార్తమ్మకు. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ఛాయాదేవి వదల్లేదు.

"ఆరోజు ఇది రేగిపండంత ఉంది," అంది. "స్నానం చేస్తుంటే తగిలింది. ఈయనకి చెప్పడానికి సిగ్గు. బాబు పోయినప్పటి నుంచి మేం సరిగ్గా మాట్లాడుకున్నదీ లేదు. మా అమ్మ లేదు. ఎవరికి చెప్పాలా అని రెండు రోజులు తిరిగాను. అంతలో మీరు కనబడ్డారు. మీకు చెబితే మీరే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోతారనుకున్నాను. పరుగెత్తుకొచ్చాను. మీరు బస్సెక్కారు."

సువార్తమ్మ చెయ్యి ఇంకా ఆ గడ్డ మీదే ఉంది.

"ఇంటికొచ్చేశాను. దేవుడి మనిషికే అక్కర్లేకపోయాక దేవుడికి మాత్రం అక్కర ఏముంది అనిపించింది. ఇంకెవరికీ చెప్పలేదు. అది దాని మానాన అది పెరిగింది."

గుమ్మం దగ్గర గ్లాసులు గలగలమన్నాయి. కాఫీ పళ్ళెం పట్టుకుని జనార్ధనరావు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"ఛాయా," అన్నాడు. "ఏడాదిన్నరా? నాకు చెప్పకూడదూ?"

"మీకా?" అంది ఛాయాదేవి. ఆ రెండు అక్షరాల్లో కోపం లేదు. ఆయన పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూసి, చివరికి టీవీ మీద పెట్టాడు. పెట్టి అక్కడే గోడకు జారగిలబడ్డాడు.

ఒకరు రావద్దన్నారు. ఒకరు రాలేదు. ఇద్దరి మధ్యా ఒక మనిషి మంచాన పడింది. ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు.

సువార్తమ్మ మంచం దగ్గరికి జరిగింది. "నేను రాలేదంటె, నేను రాలేదు బిడ్డా. తప్పు నాది. దేవుడు రాలేదని గాదు. నన్ను జూసి ఆయన్ని గట్ల అనుకోకు."

"మిమ్మల్ని చూసే కదండీ నమ్మింది," అంది ఛాయాదేవి. "ఇంకెవర్ని చూశాను నేను?"

ఇన్నేళ్ళ సేవలో ఎవరూ ఆమెను అంత సూటిగా అడగలేదు. సువార్తమ్మ మంచం పట్టెకు నుదురు ఆనించి, చప్పుడు రాకుండా ఏడ్చింది. కొంతసేపటికి ఛాయాదేవి చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది. నెరసిన వెంట్రుకలను మెల్లగా సవరించింది. క్షమించినట్టో కాదో తెలియని స్పర్శ అది.

"సరే, జరిగింది జరిగింది. నేను అడగాలనుకున్నది అడుగుతాను," అంది. "రేపు నేను ఆపరేషన్‌కి వెళ్తే బతుకుతానా? మీ ప్రభువు నన్ను బతికిస్తాడని మీ నోటితో చెప్పండి. వెళ్తాను. ఇంకెవరు చెప్పినా వెళ్ళను."

సువార్తమ్మ తలెత్తింది. ఛాయాదేవి వెనకగా, గోడ పక్కన, జనార్ధనరావు రెండు చేతులూ జోడించాడు. చెప్పండి, చెప్పండి అని ఆయన పెదవులు కదులుతున్నాయి. గుళ్ళోనైనా అంత వంగి దండం పెట్టి ఉండడు ఆయన.

ఎంత తేలిక! ప్రార్థన సభల డేరాల్లో మైకు ముందు నిలబడి అలాంటి మాటలు చెప్పేవాళ్ళను ఆమె చూసింది. లేస్తావు, నడుస్తావు, నీకు ఏమీ కాదు అని. వినేవాళ్ళ ముఖాలు వెలిగిపోయేవి. ఆ మాట తప్పయినప్పుడు ఏడ్చే ఇళ్ళకు మాత్రం వాళ్ళు కాదు, తనే వెళ్ళేది. అయితే ఇప్పుడు ఆ ఒక్క మాట అనకపోతే ఈ పిల్ల ఇక్కడే పడుకుని ఉంటుంది. అంటే లేచి దవాఖానాకు వెళ్తుంది. ఏది పాపం?

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాకు తెల్వదు బిడ్డా," అంది.

జనార్ధనరావు చేతులు కిందికి జారాయి.

"బతుకుతవో లేదో నాకెట్ల తెలుస్తది? తెలుసని చెప్తె నీకు అబద్దం చెప్పినట్టే. ఒక్కపాలి నిన్ను మోసం జేసిన, మల్ల చెయ్య. డాక్టర్లు పొమ్మంటున్నరు, నా మాట ఇని పో. నువ్వు బతకాల్నని మోకాళ్ళ మీద వడి అడుగుత. ఇస్తడో ఇయ్యడో ఆయన ఇష్టం. నా చేతుల ఉన్నది ఒక్కటే. రేపు పొద్దుగాల నేనొస్త. నిన్ను లోపలికి తీస్కపోయేదాక నీ చెయ్యి వట్టుకుంట. బయటికి తెచ్చేదాక ఆడనే కూసుంట. గంతే."

ఛాయాదేవి చెయ్యి వెనక్కి తీసుకుని గోడ వైపు తిరిగింది.

"ఇది చెప్పడానికా మిమ్మల్ని తీసుకొచ్చింది?" జనార్ధనరావు గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఒక్క మాట! ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది? నేను నమ్మకపోయినా మీ కాళ్ళ దగ్గరికి వచ్చానే! వెళ్ళండి. వెళ్ళిపోండి ఇంక."

సువార్తమ్మ లేచింది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి వినిపించింది.

"రేపు వస్తారా?" ఛాయాదేవి ఇంకా గోడ వైపే తిరిగి ఉంది.

"వస్త."

"ఈయన వద్దన్నా?"

"వద్దన్నా వస్త."

గేటు దాకా జనార్ధనరావు వెంట వచ్చాడు. "రేపు మీరు రాకండి," అన్నాడు. "మళ్ళీ దాని మనసు విరవకండి. వచ్చారంటే... మీ అమ్మాయి సంగతి నా చేతుల్లో ఉంది, గుర్తుంచుకోండి."

అనేశాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. ఏదో సర్దుకోబోయి, సర్దుకోలేక, లోపలికి వెళ్ళిపోయాడు. మంచి మనిషి నోట అలాంటి మాట వచ్చిందంటే ఎంత అల్లాడుతున్నాడో సువార్తమ్మకు అర్థమైంది. అయినా మాట మాటే. రెండేళ్ళు తను ఊహించుకుని భయపడ్డది ఇప్పుడు నిజంగా వచ్చి ఎదుట నిలబడింది.

* * *

ఇంటికి వెళ్ళేసరికి హన్నా పప్పు, అన్నం వండి కూర్చుని ఉంది. "ఎట్లున్నదమ్మా ఆ ఆంటీకి?" అంది. "మంచిగ లేదు బిడ్డా," అంది సువార్తమ్మ. అంతకు మించి చెప్పలేదు. చెప్పాలనే అనుకుంది. పర్మనెంటు కబురుతో ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళకు కొత్త చీర కొనుక్కుంటానంటోంది. ఆ ముఖం చూస్తూ ఎలా చెప్పడం?

సోమవారం తెల్లవారుతూనే, హన్నా ఇంకా నిద్ర లేవకముందే, మొదటి బస్సుకు ఉప్పల్ చేరింది. చలికి కొంగు నిండా కప్పుకుని ఆ సందులోకి తిరిగింది.

గేటుకు తాళం వేసి ఉంది.

వెనక నుంచి శాంతాబాయి చీపురు పట్టుకుని వచ్చింది. "కోడి కూసే యాళ్ళకే ఆటోల తీస్కపోయిన్రక్కా," అంది. "అమ్మనే లేశింది. తలకు తానం జేసింది. 'పోదాం పాండి' అన్నది సార్ తోని. సార్ ఏడ్సిండు."

"పోయిందా!" సువార్తమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. "ఏ దవాఖానకు?"

శాంతాబాయి ఇబ్బందిగా చూసింది. "నీకు చెప్పొద్దన్నడు సార్. నువ్వొస్తె తిరిగి పంపియ్యమన్నడు." కాస్త దగ్గరికి జరిగింది. "గని అక్కా, ఆటో ఎక్కినంక అమ్మ నన్ను పిలిచింది. సార్ పక్కనే ఉన్నడు. ఆయన మొకం దిక్కే సూసుకుంట, గట్టిగ అన్నది. 'శాంతా, సికింద్రాబాదు మిషన్ దవాఖాన, ఆడవాళ్ళ వార్డు. మర్చిపోకు.' నాకు గా పేరుతోటి ఏం పని జెప్పు?"

సువార్తమ్మ మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగింది. చౌరస్తా వైపు వచ్చేటప్పుడు ఆమె నడవలేదు, దాదాపు పరుగెత్తింది. చలి పొగలో లారీల దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. సికింద్రాబాదు బస్సు కోసం ఆడవాళ్ళ గుంపులో నిలబడింది. రెండు బస్సులు కిక్కిరిసి ఆగకుండానే పోయాయి, ఆఫీసుల వేళయింది. నాచారం నుంచి వచ్చిన బస్సు ఒకటి ఆగి, ఆఫీసులకు పోయేవాళ్ళను దించింది. దిగినవాళ్ళలో హన్నా ఉంది.

"అమ్మా! లేసి సూస్తె లేవు. గీడేం జేస్తున్నవ్?"

ఇంక దాచలేదు. నిలుచున్న చోటనే అంతా చెప్పింది. అప్పటి భయం, బస్టాపు, గడ్డ, నిన్న గేటు దగ్గర సార్ అన్న మాట, ఇప్పుడు దవాఖానా పేరు. హన్నా టిఫిన్ డబ్బా ఉన్న సంచిని గుండెలకు హత్తుకుని విన్నది.

"అంటె, అప్పుడు పోకపోయింది నా కోసం," అంది చివరికి.

"అవు బిడ్డా."

"ఇప్పుడు పోతె నా నౌకరి పోతది."

"పోవచ్చు."

"అప్పుడు నన్ను అడగలె." హన్నా సంచిని ఇంకో చేతికి మార్చుకుంది. "నేను పోవద్దంటినా? నా పేరు జెప్పి ఆమెను రోడ్డు మీద ఇడిశిపెట్టి వచ్చినవ్. నాకు తెల్వనే తెల్వదు. ఇయ్యాల గూడ అడగలె. నేను ఎదురు రాకపోతె గట్లనే పోతుంటివి. నా బతుకు గదమ్మా అది. ఒక్కపాలన్న నన్ను అడిగినవా?"

సికింద్రాబాదు బస్సు వచ్చింది. ఆడవాళ్ళు ముందు తలుపు వైపు తోసుకున్నారు. ఆ తోపులాటలో సువార్తమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. కమ్మీ పట్టుకుని ఆగింది. వెనక నుంచి ఎవరో జరగమ్మా అని అరిచారు. ఆమె జరగలేదు. తల తిప్పి కూతుర్ని చూసింది.

"ఇప్పుడు అడుగుతున్న బిడ్డా," అంది. "పోవాల్నా, వద్దా?"

కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. హన్నా ఒక అడుగు ముందుకు వేసి, నోరు తెరిచింది.

(సశేషం)